వాపిటి విమానము: రెజినుతో దాని నమూనాను కట్టు విధము

విమానపు బొమ్మను గూర్చి పెద్దలయెదుట ప్రసంగింప నేల యని కొందరికి తోచవచ్చును. బొమ్మ యనగానే మనకు సంక్రాంతి కొలువును, కొండపల్లి అంబారీయేనుగును జ్ఞప్తికి వచ్చును. నేను చెప్పబోవునది ఆ జాతిలోనిది కాదు. కొండపల్లి పనివానికి ఏనుగు కొలతతో పనిలేదు. చూచినవారికి ఏనుగని తోచి, మనస్సునకు ముచ్చట గలిగిన చాలును. నమూనా కట్టువాని కట్లు కాదు. అసలు విమానము రెక్క ఎన్ని అడుగులో, దాని చక్రముల నడుమ దూర మెంతయో, తోక ఎంత ఎత్తున నుండునో, అవి యన్నియు ఒకే వంతున తగ్గి అందు కనబడవలెను. డెబ్బదిరెండవ వంతు అని నిశ్చయించుకొన్నచో సమస్తమును డెబ్బదిరెండవ వంతే. కన్ను మూసినను కొలబద్ద మూయదు.

ఇట్టి నమూనాలలో మిక్కిలి కష్టమైనది రెజినుతో పోతపోసిన ద్విపక్ష విమానము. అనగా రెక్కపై రెక్కగా రెండంతస్తుల రెక్కలు గల పాతకాలపు విమానము. ఉదాహరణమునకు వాపిటి యనుదానిని తీసికొందము. మన దేశపు చరిత్రతో దానికి గల సంబంధము అట్టిది ఇట్టిది కాదు.

వాపిటి యనునది ఉత్తర అమెరికాలోని ఒక పెద్ద జాతి దుప్పి పేరు. ఇంగ్లండులోని యోవిల్ పట్టణమున వెస్ట్‌లాండు కంపెనీవారు ఈ విమానమును నిర్మించిరి. మొదటిది 1927వ సంవత్సరము మార్చి నెలలో ఆకాశమున కెగిరెను. మొదటి మహాయుద్ధపు కాలమునాటి డి. హెచ్. 9ఏ యను విమానపు విడిభాగములు ప్రభుత్వపు గిడ్డంగులలో గుట్టలుగా పడియుండుటచే, క్రొత్త విమానమున సాధ్యమైనంతవరకు వానినే వాడవలెనని ఆ ప్రభుత్వమువారు కోరిరి. పాత యింటి దూలములు, వాసములు క్రొత్త యింటికి ఎక్కించుట మన మెరుగనిది కాదు. అట్లు పొదుపునకై పుట్టినదే యైనను వాపిటి గట్టిపిండమై, 500లకు పైగా తయారయ్యెను. వానిలో పెక్కు హిందూదేశమునకు వచ్చి వాయవ్య సరిహద్దు కొండలలో పనిచేసెను. అచ్చట దిగుచోట రాయియో ముల్లో తగిలి చక్రము చెడినచో దిక్కులేదు గనుక, అదనపు చక్రము నొకదానిని వెంట కట్టుకొని పోవుచుండెడివారు.

1932వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన భారత వైమానికదళము చట్టప్రకారము ఏర్పడెను. కాని దళమనిన పేరేగాని విమానములు లేవు. 1933 ఏప్రిలు 1వ తేదీన కరాచీ చెంత డ్రిగ్ రోడ్డులో మొదటి స్క్వాడ్రను ఏర్పడినపుడు దాని ఆస్తి యంతయు నాలుగు వాపిటి విమానములు. తరువాత 1954లో ఆ దళమున కంతకును అధిపతియైన మొదటి భారతీయుడు సుబ్రతో ముఖర్జీ ఆనాటి ఆ కొద్దిమంది చోదకులలో నొకడు. మరి రెండు దినములకు, అనగా 1933 ఏప్రిలు 3వ తేదీన, బీహారులోని పూర్ణియా సమీపమునుండి లేచిన రెండు విమానములు మొట్టమొదటిసారిగా ఎవరెస్టు శిఖరము మీదుగా ఎగిరెను. ఆ రెండును వెస్ట్‌లాండువారివే. అందొకటి వాపిటినుండియే మార్చి రూపొందించినది. ఒకే వారములో ఒక కుటుంబపు విమానములకు ఇంతటి ఘనత పట్టెను.

మన తీరమునకును దీనితో సంబంధము కలదు. రెండవ మహాయుద్ధమున సముద్రతీరమును కనిపెట్టి యుండుటకై స్వచ్ఛందముగా చేరిన వైమానికులతో చిన్నచిన్న దళముల నేర్పరచిరి. వానిలో మొదటిది మద్రాసున, ఆరవది విశాఖపట్టణమున నుండెను. క్రొత్త విమానములు దొరకక వారికి ఈ పాత వాపిటులనే యిచ్చిరి. 1942 ఏప్రిలు 6వ తేదీన జపానువారు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసిన సంగతి మీరు ఇంటి పెద్దల వలన విని యుందురు. పట్టణము విడిచి జనులు బండ్లమీద పల్లెలకు తరలిన కథలు ఉత్తరాంధ్రమున ఇప్పటికిని చెప్పుకొందురు. ఆ దినములలో మన తీరముపై కావలి తిరిగినవానిలో 1927 నాటి ఈ రెండంతస్తుల రెక్కల యంత్రములు కూడ నుండెను. ఎదుటివారివి నౌకలమీదనుండి ఎగిరివచ్చు సరిక్రొత్త లోహపు విమానములు. మనవారిది గుడ్డ కప్పిన విమానము. ఆ తారతమ్యమును మాటలలో చెప్పుటకంటె, రెండు నమూనాలను ప్రక్కప్రక్కన పెట్టి చూపిన తక్షణమే తెలియును.

ఇక, వందలకొలదిగా ఎగిరిన ఆ విమానములలో మన దేశమున నిలిచియున్నది ఢిల్లీలోని పాలం వైమానికదళ ప్రదర్శనశాలలోనిది. అందరును అంతదూరము పోయి చూడజాలరు. పెద్ద కంపెనీలవారు ప్లాస్టికు నమూనాలను లక్షలుగా అచ్చువేయుదురు గాని, వారి ఉక్కు అచ్చులకు కలుగు వ్యయము అపారము. ఆ వ్యయము రాబట్టుకొనవలెనన్న స్పిట్‌ఫైరు వంటి పేరుమోసిన విమానములే వారికి కావలెను. వాపిటి వంటి వానిని లోకమున అడుగువారు కొలదిమంది. అట్టి చోటనే రెజిను ఉపయోగమునకు వచ్చును.

రెజిను అనిన పూర్వము చెట్టునుండి కారు గుగ్గిలము వంటి పదార్థములకు పేరు. ఇక్కడ చెప్పునది రసాయనశాలలో పుట్టిన పాలీయూరిథేను. అది రెండు ద్రవములుగా వేర్వేరు సీసాలలో వచ్చును. రెండింటిని కలిపిన కొలది నిమిషములలో వేడెక్కి గడ్డకట్టును. పోతపోయువాడు మొదట ఒక్కొక్క భాగమునకు మాతృరూపమును చేతితోనో, నేటి ముద్రణ యంత్రములతోనో తయారుచేయును. దానిని ఒక పెట్టెలో నుంచి చుట్టును సిలికోను రబ్బరు పోసి, గట్టిపడిన పిదప కోసి తీసినచో అచ్చు లభించును. మన కంచరులు మైనపు బొమ్మకు మట్టి మెత్తి మూస చేయుదురు గదా. తేడా యేమనిన, ఆ మూస ఒక్క పోతకే పగులును. ఈ రబ్బరు మూస కొన్ని పదుల పోతలవరకు నిలుచును. అటుపిమ్మట రెజిను వేడికిని, రసాయనమునకును లోపలి యంచులు చిరిగి, సూక్ష్మరేఖలు చెడిపోవును. కావున ఒక గదిలో ఒకరిద్దరు మనుష్యులు పనిచేసి, కొద్ది సంఖ్యలో నమూనాపెట్టెలను తయారుచేసి అమ్ముదురు. అవి అమ్ముడుపోయిన తరువాత మరల దొరకుట యరుదు. వెల యెక్కువ. పొరపాటున విరిగిన రెక్కకు బదులు మరియొక రెక్క అంగడిలో దొరకదు. పనిలో నిలుకడ యెందుకు కావలెనో దీనినిబట్టియే గ్రహింపవచ్చును. మునుపు నాలుగైదు ప్లాస్టికు నమూనాలనైనను కట్టియుండనివారు దీనికి పూనుకొనరాదని నా యభిప్రాయము.

పెట్టె తెరచుటకు ముందు ఒక ప్రశ్నను విచారింపవలెను. ఆ కాలపువారు విమానమునకు రెండు జతల రెక్కలు ఎందుకు పెట్టిరి? అందముకొరకు కాదు. ఆనాటి రెక్క పలుచనిది. ఒంటిరెక్కను పొడుగుగా చాచినచో విమానపు బరువు పడగానే పైకి వంగి విరుగును. రెండు రెక్కలను ఒకదానిపై నొకటి యుంచి, నడుమ నిలువు గుంజలు నాటి, ఐమూలగా తీగలు బిగించిన యెడల ఆ రెండును కలిసి వంతెనవలె గట్టిపడును. నాలుగు కర్రల చట్రమును మేకులతో కొట్టి నిలిపి ప్రక్కనుండి త్రోయుడు. మూలమట్టము తప్పి ఒరిగిపోవును. ఐమూలగా ఒక్క బద్ద కొట్టుడు, కదలదు. గ్రామమున తలుపు చేయు వడ్రంగి ప్రతిదినమును ఎరిగిన ధర్మమిది. విమానమున ఆ బద్దకు బదులు రెండువైపుల రెండు తీగలు. ఎగురునపుడు రెక్క పైకి లేవజూచును. దానిని క్రిందికి పట్టియుంచునవి కొన్ని తీగలు. నేలమీద నిలిచినపుడు రెక్క తన బరువుచే క్రిందికి వ్రాలజూచును. దానిని మీదికి పట్టియుంచునవి మరికొన్ని. వాపిటికి ఒక్కొక్క ప్రక్కను రెండు వరుసల గుంజలు. ఈ తీగలును గుంజలును గాలిని కోయుచు వేగమును తగ్గించుటచేతనే, లోహపు రెక్కలును బలమైన ఇంజనులును వచ్చినపిదప ద్విపక్ష విమానములు వెనుకబడెను.

అనగా అసలు విమానమున బలమంతయు కట్టులో నున్నది. పదార్థపు బరువులో లేదు. రెజిను నమూనాలో దీనికి సరిగా విరుద్ధము. ఇది యొక లెక్కతో తేటపడును. ఖాళీ వాపిటి బరువు సుమారు 3,800 పౌనులు. నిడివి, వెడల్పు, ఎత్తు మూడును డెబ్బదిరెండవ వంతునకు తగ్గినచో బరువు డెబ్బదిరెండును డెబ్బదిరెంటితో ముమ్మారు హెచ్చవేసిన వంతునకు, అనగా 3,73,248వ వంతునకు తగ్గవలెను. అట్లు చూచిన మన నమూనా అర తులమైనను తూగరాదు. కాని రెజిను రెక్క లోపల బోలు గాదు, గట్టిముద్ద. కావున నమూనా దానికి పలు రెట్లు బరువుండును. ఆ బరువైన పైరెక్కను అగ్గిపుల్లకంటె సన్నని గుంజలపై నిలుపవలెను. ఆ గుంజలు కూడ రెజినువే యైనచో, కట్టిన దినమున నిటారుగా నుండి, కొన్ని వేసవులు గడచునప్పటికి మెల్లగా వంగును. లేక ఒక్కసారిగా పుటుక్కున విరుగును. బరువైన పదార్థముతో తేలికైన దానిని రూపించుట యను ఈ వైరమును తీర్చుటయే పని సర్వస్వము. తక్కినది ఓపిక.

ఇప్పుడు పెట్టె తెరతము. మొండెము రెండు చెక్కలుగా నుండును. పైరెక్క, క్రిందిరెక్కలు, తోక, చక్రములు, తొమ్మిది సిలిండరుల జూపిటరు ఇంజను, చిన్నచిన్న తుపాకులు, కుర్చీలు, ఇవి యన్నియు లేత గోధుమవన్నె రెజినులోనో బూడిదవన్నెలోనో యుండును. ప్రతిదానికిని ఒక ప్రక్క ముద్దగా పోతకాలువ మిగిలియుండును. మొదట వానిని గోరువెచ్చని సబ్బునీట కడుగవలెను. అచ్చు ఊడివచ్చుటకై పూసిన జిడ్డు పైన నున్నంతవరకు రంగును పట్టదు, జిగురును పట్టదు.

పిదప పోతకాలువలను సన్నపండ్ల రంపముతో కోయవలెను. విరుచుట కూడదు, విరిచినచో ముద్దతో పాటు అంచుకూడ ఊడివచ్చును. ఇక్కడనే యొక హెచ్చరిక. రెజినును అరగదీయునపుడు లేచు పొడి మిక్కిలి సూక్ష్మము; ఊపిరితిత్తులలోనికి పోయినచో హాని. కావున ఆకురాయిని గాని గరుకుకాగితమును గాని నీటిలో తడిపి, తడితోనే అరగదీయవలెను. ముక్కునకు మంచి ముసుగు కట్టుకొనవలెను. మనుమలను పక్కన కూర్చుండబెట్టుకొని ఈ భాగమును చేయరాదు. రంగు వేయుదినమున వారిని పిలువవచ్చును.

పెట్టెలో ప్రయాణముచేసి వచ్చిన రెక్కలు తరచుగా తాటాకువలె మెలితిరిగి యుండును. దీనికి బెదరనక్కరలేదు. మరగకాగిన నీటిలో కొంతసేపు ముంచినచో రెజిను మెత్తబడును. వెంటనే తీసి చదునైన అద్దముపై పరచి, పైన బరువుంచి, చల్లార్చినచో చక్కబడును. ఒక్కసారికి కుదరకున్న మరల చేయవచ్చును. కంటికి ఆనించి అంచు వెంబడి చూచుచు, వడ్రంగి బద్దను చూచునట్లు, వంపు పోయినదో లేదో పరీక్షింపవలెను. గాలిబుడగలచే ఏర్పడిన బెజ్జములు అక్కడక్కడ నుండును. వానిని మక్కుతో పూడ్చవలెను. చింతగింజల పిండియు రంపపుపొడియు కలిపి కొండపల్లివారు అతుకులకు పెట్టు మక్కు ఇక్కడ పనికిరాదు. దీనికై రసాయనపు మక్కులు అంగళ్లలో దొరకును. పేరును, పనియు ఒక్కటే.

జిగురు విషయము కొంత చెప్పవలెను. ప్లాస్టికు నమూనాల జిగురు ఆ ప్లాస్టికును కరగించి అతుకును. రెజినును అది కరగింపలేదు, కావున వ్యర్థము. రెజినునకు రెండు జిగురులు కావలెను. ఒకటి క్షణములో పట్టు సయనో-ఆక్రిలేటు. అది గాలిలోని తేమచే గడ్డకట్టును. ఆ కారణముచేత మన కోస్తా జిల్లాలలో శ్రావణ భాద్రపదములలో మరింత త్వరగా పట్టును. చేయి సవరించుకొనుటకు వ్యవధి యుండదు. రెండవది ఎపాక్సీ. రెండు గొట్టములనుండి సమముగా తీసి కలుపవలెను. అది నిదానముగా పట్టును గాని బలమైనది. బరువు మోయుచోట్ల ఎపాక్సీయే శరణ్యము.

మొండెపు రెండు చెక్కలను కలుపుటకు ముందే చోదకుని కుర్చీ, ఎదుటి గడియారపు పలక, వెనుక తుపాకివాడు నిలుచు గుండ్రని చట్రము, వీనికి రంగువేసి లోపల అమర్చవలెను. మొండెము మూసిన పిదప చేయి దూరదు. ఈ పని అందరును ఇష్టముతో చేయుదురు. కాని పూర్తియైన విమానమున ఇందు ముప్పాతికవంతు కనబడదు. అందుకై నెలలు వెచ్చించువారిని నేను తప్పుపట్టను గాని, ఆ ఓపికలో సగమైనను రెక్కలకై దాచుకొనవలెను.

క్రిందిరెక్కను మొండెమునకు ఊరక జిగురుతో అతికింపరాదు. సన్నని బరమాతో రెక్క మొదటను, మొండెములోను ఎదురెదురుగా బెజ్జములు వేసి, ఇత్తడి తీగముక్కలను మేకులవలె దూర్చి ఎపాక్సీతో బిగింపవలెను. రెక్క చివరలు మొదటికంటె రవంత ఎత్తుగా నుండవలెను. ఆ ఏటవాలు రెండుప్రక్కల సమముగా నున్నదో లేదో, జిగురు గట్టిపడులోపలనే ముందునుండి చూచి సరిచేయవలెను. తోకయు అట్లే. మీదనుండి చూచినపుడు తోకచివరనుండి రెండు రెక్కల చివరలకు దారము పట్టి కొలిచిన రెండు కొలతలు ఒక్కటిగా రావలెను. ఒక కొలత తేడాపడినచో అప్పుడే విప్పవలెను. పైరెక్క వచ్చిన తరువాత ఆ తేడా రెండింతలై కనబడును.

తరువాత చాలమంది తొందరపడు చోటు. పైరెక్కను పెట్టక మునుపే రంగులు వేసి, గురుతులంటింపవలెను. రెండు రెక్కల నడుమ కుంచె తిరుగదు. వాపిటికి వేయు రంగు వెండివన్నె. అసలు విమానమున లోహపు చట్రముపై నారబట్టను కప్పి, డోపు అను ద్రవము పూసెడివారు. గంజిపెట్టిన బట్టవలె అది బిగిసి మద్దెల తోలువలె మ్రోగును. ఆ డోపులో అల్యూమినియపు పొడిని కలుపుటచే ఎండ తగిలి బట్ట చీకిపోకుండ కాపాడును. కావున నమూనాపై వేయు వెండివన్నె పాత్రవలె ధగధగ మెరయరాదు. ఇంజను చుట్టునున్న లోహపు రేకులు మాత్రము కొంచెము మెరయవచ్చును. బట్ట కప్పిన తావులు బూడిద కలిసిన వెండిగా, మసకగా నుండవలెను. నీటిలో నానవేసి అంటించు గుండ్రని గురుతులలో వెలుపల నీలము, నడుమ తెలుపు, మధ్య ఎరుపు. మన దళము గదా యని త్రివర్ణపు గురుతు వేయుట తప్పు. అది స్వాతంత్ర్యానంతరము వచ్చినది. మధ్యనున్న ఎరుపును కూడ జపానువారి ఎర్రని సూర్యబింబమని భ్రమపడకుండుటకై 1942లో తొలగించిరి. కావున తాను కట్టునది ఏ సంవత్సరపు విమానమో మొదటనే నిశ్చయించుకొనక రంగుసీసా మూత తీయరాదు.

ఇక పైరెక్క. రెజిను గుంజలను ప్రక్కకు పెట్టి, వాని కొలతకే ఇత్తడి కడ్డీలను కోసి, ఆకురాయితో చేపరూపమున అరగదీసి వాడుట ఉత్తమము. పటములో ముందునుండి కనబడు రూపమును నమూనా కొలతకు గట్టి అట్టపై గీసి, రెక్కలు రెండును ఇమిడి నిలుచునట్లు చీలికలు కోసిన ఆధారములను రెండింటిని చేసికొనవలెను. ఇల్లు కట్టునపుడు దూలము నిలుచుదాక ఊతకర్రలు పెట్టమా? అట్లే ఇవియును. క్రిందిరెక్కలను ఆ చీలికలలో కూర్చుండబెట్టి, మొండెముపైనుండి లేచు నడిమి గుంజలను మొదట ఎపాక్సీతో నాటి, పైరెక్కను దింపవలెను. వెలుపలి గుంజలను అప్పుడే బిగింపరాదు. ఒక రాత్రి అట్లే విడిచి, నడిమివి గట్టిపడిన తరువాత మరునాడు లోపలి వరుస, ఆ మరునాడు బయటి వరుస. ఈ మూడు దినములలో నమూనాను చూచుట తప్ప ముట్టుట లేదు. ముందునుండి చూచినపుడు రెండు రెక్కలు అద్దములో ప్రతిబింబములవలె సమాంతరముగా నుండవలెను. పైరెక్క ఒక నూలుమందము ఒరిగినను, ఆ ఏడుముప్పాతిక అంగుళముల విమానము కుంటినట్లు కనబడును. చూచువానికి కారణము తెలియకపోవచ్చును; ఏదియో లోపమున్నదని మాత్రము కన్ను చెప్పును.

తీగలకై బెజ్జములు రంగువేయుటకు ముందే గుంజల మొదళ్లలో వేసియుంచవలెను. అసలు విమానపు తీగ పావు అంగుళము వెడల్పు గలదనుకొన్నను, నమూనాకు అది తలవెంట్రుక యంత సన్ననగును. గాలపుతాటికి వాడు నైలానులో మిక్కిలి సన్ననిది దీనికి తగును. తీగను మొదట పైరెక్క అడుగున అతికించి, క్రిందిరెక్క బెజ్జమునుండి లాగి, చివరకు చిన్న పట్టు తగిలించి బరువుగా వ్రేలాడవిడిచి, జిగురుచుక్క వేయవలెను. ఒక ప్రక్కవన్నియు బిగించి పిమ్మట రెండవ ప్రక్కకు పోరాదు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, నడిమినుండి చివరలకు. రాటకు నాలుగువైపుల మోకులు కట్టునపుడు ఎదురెదురుగా బిగించునట్లు. లేకున్న నైలానుకూడ రెక్కను తనవైపు గుంజును. ఎక్కడనైనను తీగ వదులుగా నున్నచో అగరువత్తి నిప్పును తాకకుండ దగ్గరగా ఒక్క క్షణము చూపిన, నైలాను ముడుచుకొని బిగియును. ఆ క్షణము మించినచో తెగును.

తీగలు పూర్తియగుసరికి ఒక వింత జరుగును. అంతవరకు వేలితో త్రోసిన కదలినట్లుండిన పైరెక్క గట్టిపడును. నైలాను మనకు అందముకొరకు పెట్టినట్లు తోచినను, ఐమూల బద్ద చేయు పనిని కొంతవరకు అదియు చేయుచున్నది. 1927లో యోవిల్ పనివారు బిగించిన తీగలకును, నేడు ఒకడు తన బల్లపై బిగించిన వెంట్రుకవంటి తీగలకును లెక్క ఒక్కటే.

తక్కిన పని కొంచెము. ఇంజను సిలిండరులపై నల్లని రంగును పలుచగా పారించి తుడిచినచో రెక్కలవంటి రేఖలు తేరును. కర్ర పంకాకు రెండు రెక్కలు. దానిని తుట్టతుద పెట్టవలెను, ముందే పెట్టినచో ప్రతిపనికిని తగిలి విరుగును. చక్రముల అడుగున ఇసుమంత అరగదీసినచో బరువు మోసి నేలపై నిలిచినట్లు కనబడును, లేనిచో తేలుచున్నట్లుండును. చక్రముల ఇరుసును కూడ ఇత్తడితోనే చేయుట మంచిది. బరువంతయు దానిమీదనే గదా.

దీనిని ఇంటగాని, పాఠశాలలోగాని ఉంచదలచినవారు అద్దపు పెట్టెలో పెట్టవలెను. తీగలనడుమ చేరిన దుమ్మును గుడ్డతో తుడిచినచో తీగలు తెగును. మెత్తని కుంచెతో పైనుండి క్రిందికి మాత్రమే విదల్పవలెను. పెట్టెపై విమానపు పేరు, సంవత్సరము, కొలతవంతు వ్రాసి అంటించుట మంచిది. లేనిచో పిల్లలు దానిని రైటు సోదరుల విమాన మని చెప్పుకొందురు. కిటికీ ప్రక్కన ఎండ సోకు తావున నుంచరాదు. మూసిన అద్దపు పెట్టెలో రోహిణి కార్తె యెండకు రెజిను మెత్తబడి, ఇత్తడి గుంజలు నిలిచియున్నను రెక్క చివరలు వ్రాలును. ఉత్తరపు గోడ ప్రక్కన, మనుష్యుని కంటియెత్తున, ముందునుండి చూచుటకు వీలుగా నిలిపినచో రెండు రెక్కల నడుమనుండి వెలుతురు వచ్చి తీగలన్నియు తెలియును.